బావగారి లోడరుకి నేనెంచిన పంపు

ఏలూరు నుంచి ఆకివీడు దాకా హైడ్రాలిక్ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని పాతికేళ్లపాటు చెప్పుకు తిరిగాను. కాకినాడ రేవులో ఓడ మీది క్రేను మొరాయిస్తే నాకోసం కారు పంపించారనీ, నేను చెవి ఆనించి విని ఒకే ఒక్క నట్టు తిప్పాననీ, క్రేను లేచి నిలబడిందనీ పెళ్లి పందిళ్లలో చెప్పాను, రైల్లో చెప్పాను, క్షవరం చేయించుకుంటూ చెప్పాను. వినేవాళ్ల కళ్లు పెద్దవయ్యే కొద్దీ నా ఓడ కూడా పెద్దదయ్యేది.

నేను పనిచేసింది తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో, ఫిట్టరుగా. బెల్టులు, బేరింగులు, ధాన్యాన్ని పైకి మోసే ఎలివేటర్లు, ఇవే నా లోకం. హైడ్రాలిక్ అనదగ్గది నా చేతికి తగిలింది లారీ కింద పెట్టే జాకీ ఒక్కటే, అదీ ఆయిలు కారేది. కాకినాడ వెళ్లిన మాట నిజం. క్రేను చూసిన మాట నిజం. వెళ్లింది బస్సులో, చూసింది రోడ్డు మీంచి.

ఇది ముందే ఒప్పుకుంటున్నాను. నా గొప్పలకి ఇంతకాలం ఎవరికీ నష్టం జరగలేదు, ఒక్క మా బావగారికి తప్ప.

బావగారంటే మా చెల్లెలి భర్త. నాకంటే రెండేళ్లు చిన్న. అయినా ఇంటి అల్లుడు గనక నేను మీరు అనేవాణ్ణి, పెద్దవాణ్ణని ఆయనా మీరు అనేవారు. మా ఎగతాళి అంతా అండీలతోనే నడిచేది.

"ఏవండీ బావగారూ, ఇవాళ ఎన్ని ఓడలు లేపారండీ?"

"రెండేనండీ. మూడోది మీ చెరువులో తిరగదని వెనక్కి పంపేశాను."

ఆయనకి గుండుగొలను దిగువన, కొల్లేటి ఒడ్డున నాలుగెకరాల చేపల చెరువు ఉండేది. వాళ్ల నాన్న కాలంలో అది వరిచేను. ఈయన దాన్ని తవ్వించి శీలావతి, బొచ్చె చేపపిల్లల్ని వేశారు. చెరువు పెంపకంలో జనం చేపల్నే చూస్తారు గాని అసలు పని గట్టుది. ఏటా వేసవిలో చేప పట్టేశాక నీరు తోడించి, అడుగున పేరుకున్న నల్ల ఒండ్రు గీకి గట్టు మీద వేసుకోవాలి. వేయకపోతే వానాకాలంలో కొల్లేరు పొంగిననాడు గట్టు మీంచి నీరు పొర్లుతుంది, చేప ఆ నీటి వెంట పోతుంది. బావగారు ఆ మట్టిని ముప్పై ఏళ్లు తట్టలకెత్తి మోశారు, కూలీలతో పాటు, కూలీల కంటే ముందు. ఆ మట్టే ఆయన నడుం తినేసింది. ఏలూరులో డాక్టరు ఫొటో తీసి, వెన్నుపూసలు అరిగిపోయాయి, ఇక బిందె కూడా ఎత్తొద్దన్నాడు. కూలీలు దొరకడం కష్టమైపోయింది. పొక్లెయిను వాళ్లు యాభై ఎకరాల చెరువులకే వరసలో ఉంటే మా నాలుగెకరాలకి ఎవరొస్తారు?

ఇక మిగిలింది ఒక్కటే దారి, లీజు. ఆకివీడు వైపు నుంచి ఒకాయన అప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు.

"ఇచ్చేయండీ, హాయిగా కూర్చోవచ్చు" అన్నాను నేను.

"ఆ కూర్చోడమేనండీ భయం" అన్నారు బావగారు. "పొద్దున లేచి మేత వేస్తే నీళ్లలో చేపలు అలా తిరుగుతాయి చూడండి, అది చూడకపోతే నాకు తెల్లారినట్టుండదు. లీజుకిచ్చాక నా గట్టు మీద నేను నడవాలన్నా ఆయన్నడిగి నడవాలి."

ఆ రోజుల్లోనే ఆయన పెళ్లికని జంగారెడ్డిగూడెం వెళ్లి, అక్కడ పామాయిల్ తోటలో ఒక పాత ట్రాక్టరు ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర బకెట్టు బిగించి గెలలెత్తడం చూశారట. ఎవరో ఇంటి దగ్గరే చేసుకున్నారట. తిరిగొచ్చి చిన్నపిల్లాడిలా చెప్పారు. నడుంతో పన్లేదు, లివరు లాగితే చాలు, మట్టి అదే లేస్తుంది.

"మనవల్ల అవుతుందంటారా?" అని అడిగారు.

అప్పుడు నేను ఒక్క నిమిషం ఊరుకుని ఉంటే సరిపోయేది.

"అదెంత పనండీ! ఓడలు లేపినవాడికి ఒండ్రు లేపడం ఒక లెక్కా?" అన్నాను.

ఇనుం పని నాకొచ్చు. ఆ విషయంలో మాత్రం అబద్ధం లేదు. మిల్లులో తీసేసిన ఎలివేటరు ఫ్రేము అడిగి తెచ్చి, వాళ్ల పాక పక్కన, బావగారి పాత ట్రాక్టరు దగ్గర పెట్టుకుని, నేను వెల్డింగు చేస్తుంటే ఆయన కుర్చీలో కూర్చుని కొలతలు చదివేవారు. నెల రోజులు పట్టింది. మా చెల్లెలు రోజూ మజ్జిగ తెచ్చి, "అన్నయ్యా, ఇది లేస్తుందా, లేక మీరిద్దరే లేస్తారా?" అనేది. ఇనుప చేతులు చక్కగా కుదిరాయి. వాటిని నెట్టే సిలిండర్లు రెండు తాడేపల్లిగూడెంలో పాత సామాన్ల షాపులో దొరికాయి. ఇక కావలసింది, ఆ సిలిండర్లలోకి ఆయిలు తోసే పంపు.

దానికోసం ఇద్దరం మళ్లీ అదే షాపుకి వెళ్లాం. షాపాయన సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన అడిగినవి ఇవాళ్టికీ నాకు వరసగా గుర్తున్నాయి.

"ట్రాక్టరు ఎన్ని హెచ్‌పీ అండీ?"

"ముప్పై అయిదు."

"బకెట్టు నిండితే ఎంత బరువుంటుందండీ?"

"నాలుగొందల కిలోలు."

"పంపుని ఇంజనుకి తగిలిస్తారా, వెనక షాఫ్టుకా?"

"ఇంజనుకే. ముందు పుల్లీకి."

"కిందనుంచి పైకి ఎన్ని సెకన్లలో లేవాలంటారు?"

ఈ ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది. లేవడం ముఖ్యం గాని సెకన్లు ఎవడిక్కావాలి? ఆయన కాగితం మీద ఏదో వేసుకుని, లోపలికెళ్లి, అరచేతిలో పట్టేంత పంపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక చుట్టు తిరిగితే పద్నాలుగు సీసీల ఆయిలు తోస్తుందట. "ఇది చాలండీ మీకు" అన్నాడు.

"ఇదేంటండీ, మిక్సీలోదా?" అన్నాను. షాపులో ఇంకో ఇద్దరు నవ్వారు. ఎవరైనా నవ్వితే నాకు తాగినట్టుండేది. మూల ఒక టిప్పరు లారీలోంచి తీసిన పంపు పడుంది, కొబ్బరిబొండాం అంత. చుట్టుకి నలభై సీసీలు. "అదీ పంపంటే" అన్నాను.

బావగారు నా మోచేయి తాకి, నెమ్మదిగా, "చిన్నది చాలంటున్నారు కదండీ ఆయన" అన్నారు.

నేనప్పుడన్న మాట, కొల్లేటి ఒడ్డున ఎవరూ కాదనలేని మాట. "బావగారూ, నాలుగెకరాల చెరువు తోడాలంటే మీరు రెండంగుళాల పంపు పెడతారా, ఎనిమిదంగుళాలదా?"

ఆయన తల ఊపేశారు. ఏం చేస్తారు మరి? మా దేశంలో పుట్టిన ప్రతివాడికీ పంపంటే నీళ్ల పంపే. పెద్ద పంపు పెట్టినవాడి చెరువు ముందు ఎండుతుంది, చిన్నది పెట్టినవాడు పక్కవాడి మొహం చూస్తూ కూర్చుంటాడు. చిన్నప్పటి నుంచి మా కళ్లకి అదే లెక్క. ఆ లెక్కనే తీసుకెళ్లి ఆయిలు పంపుకి వేశాను. షాపాయన ఇంకేదో చెప్పబోయాడు గాని, మీ ఇష్టమండీ అని ఊరుకున్నాడు. నా గొంతు అలాంటిది.

అసలు లెక్క నాకు తర్వాత తెలిసింది. బరువు ఎత్తేది ఆయిలు ఒత్తిడీ సిలిండరు వెడల్పూను. మా సిలిండర్లు రెండంగుళాలవి. మామూలు ఒత్తిడిలో ఒక్కోటి మూడు టన్నులు నెడుతుంది. చేతుల పొడవు వల్ల అందులో చాలా పోయినా బకెట్టు దగ్గర టన్ను మిగులుతుంది. అది చిన్న పంపుకీ అంతే, పెద్ద పంపుకీ అంతే. పంపు పెద్దదైతే పెరిగేది బలం కాదు, వేగం. రెండు సిలిండర్లూ కలిపి నిండడానికి రెండు లీటర్లు చాలు. చిన్న పంపు నిమిషానికి ఇరవై లీటర్లిస్తే బకెట్టు ఆరు సెకన్లలో, పల్లకీలా లేస్తుంది. నేను కొన్నది, ఇంజను వేగానికి తిరిగితే, అరవై లీటర్లు. రెండే సెకన్లు. దిగడమూ అంతే.

బిగించిన రోజు పాస్టరుగారిని పిలిచాం. మా కుటుంబాలు మిషను దొరల కాలం నుంచి సంఘంలో ఉన్నవి. కొత్త బండికైనా కొత్త బోరుకైనా మొదట ప్రార్థన జరగాలి. చుట్టుపక్కల చెరువుల వాళ్లు కూడా వచ్చారు. ప్రార్థన ముగిశాక బావగారు సీటు మీద కూర్చుని లివరు లాగారు. ఇంజను ఒక్క మూలుగు మూలిగింది. బకెట్టు కప్పలా ఎగిరింది. ట్రాక్టరు ముందు చక్రాలు నేల మీద దభీమన్నాయి. పాస్టరుగారు రెండడుగులు వెనక్కి వేసి ఇంకోసారి ఆమెన్ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"కొంచెం దూకుడుగా ఉందండీ" అన్నారు బావగారు దిగి వచ్చి.

అది ఎక్కువని నాకూ తెలిసింది. ఇనుంతో ముప్పై ఏళ్లు బతికినవాడికి ఆ దెబ్బ చప్పుడు చాలు. కాని చుట్టూ జనం ఉన్నారు.

"యంత్రం బాగానే ఉందండీ. మీ చెయ్యే అలవాటు పడాలి. కోడెదూడ లాంటిది, కాస్త మచ్చిక చేసుకోండి" అన్నాను.

ఆయన నమ్మారు. రోజూ పొద్దున్నే ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లి అరగంట సాధన చేసేవారు. లివరుని వెంట్రుకవాసి కదపడం, వదలడం. "ఇవాళ నిన్నటికంటే నయమే, ఆయ్, కాస్త మాట వింటోందండీ" అని చెప్పేవారు. యంత్రం గురించి కాదు, తన చెయ్యి గురించి. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. మనసులో నాకు అదోలా అనిపించి, ఆ వారంలోనే ఏదో బోల్టులు కొనే మిషతో తాడేపల్లిగూడెం షాపుకి ఒక్కణ్ణే వెళ్లాను.

షాపాయన నన్ను ఎగతాళి చెయ్యలేదు. చేసుంటే బాగుండేది, కోపం తెచ్చుకుని వచ్చేసేవాణ్ణి. కాగితం తీసి, లెక్కంతా మళ్లీ వేసి, నా వైపు తిప్పాడు. "టిప్పర్లో ఇది నెమ్మదిగా తిరుగుతుందండీ. మీరు ఇంజనుకే తగిలించారు. అదే పంపుని తీసి వెనక షాఫ్టుకి పెట్టుకోండి, మూడో వంతు వేగమే తిరుగుతుంది, సరిగ్గా సరిపోద్ది. పూట పని. అందాకా గట్టు ఎక్కించకండి, దిగేటప్పుడు కొట్టేస్తుంది."

పూట పని. నాలుగు బోల్టులు, రెండు గొట్టాలు మార్చాలి, అంతే. కాని దానికి ముందు బావగారితో ఒక మాట అనాలి, నేను తప్పు పంపు ఎంచాను అని. తిరుగు బస్సులో ఆ మాటని ఎన్ని రకాలుగా అనొచ్చో ఆలోచించాను. పంపు మంచిదేగాని ట్రాక్టరుకి వయసైపోయిందని అనొచ్చా? ఆయిలు కల్తీదని అనొచ్చా? ఊరు చేరేసరికి, ఆదివారం ఆరాధన అయ్యాక చెబుదామనుకున్నాను. ఆదివారం వాళ్లింట్లో చుట్టాలున్నారు. తర్వాత మా మనవరాలికి జ్వరం. ఈ సాకులన్నీ నిజాలే. నేను సాకులకి ఎప్పుడూ అబద్ధాలు వాడను, అవసరం పడదు.

షాపుకి వెళ్లొచ్చిన పదకొండో రోజున, చెరువు ఎండింది గనక, బావగారు ట్రాక్టరుని గట్టు ఎక్కించారు.

నేనక్కడ లేను. చూసినవాళ్లు చెప్పింది ఇది. నిండు బకెట్టుని గట్టు మీద దించడానికి లివరుని కొంచెం, ఆయన సాధన చేసినట్టే కొంచెం, ముందుకి నొక్కారు. బకెట్టు రాయిలా పడింది. బెదిరి వదిలేసరికి అది గాల్లోనే టక్కున ఆగింది. ఆ బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చి, గట్టు అంచు విరిగి, ట్రాక్టరు పక్కకి ఒరిగి చెరువు అడుగుకి జారింది. ఆయన ఒండ్రులో పడ్డారు. మెత్తటి ఒండ్రు కాబట్టి మనిషి దక్కారు. భుజం ఎముక విరిగింది.

ఏలూరు ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడ్డాను. కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఉన్నారు. గోళ్లలో ఇంకా నల్ల మట్టి ఉంది. దారి పొడుగునా నేను చెప్పాల్సింది నాలుక మీదే పెట్టుకుని వచ్చాను. ఈసారి ఏ వంకరా లేకుండా.

ఆయనే ముందు అన్నారు. "క్షమించండి బావగారూ. నెల రోజుల మీ కష్టం మట్టిలో కలిపేశాను. మీరు చెబుతూనే ఉన్నారు చెయ్యి అలవాటు పడాలని. నా చెయ్యే తప్పిందండీ."

మా చెల్లెలు అవతలి పక్క నిలబడి నన్నే చూస్తోంది.

"పోనిద్దురూ" అన్నాను నేను. "ఎవరికైనా జరిగేదే."

ఇదీ నేను చేసింది. ఆయన్ని మాట పడనివ్వడమే కాదు, క్షమించాను కూడా. ఆయన ముఖంలో ఒక తేలిక కనిపించింది. దానికి నేనే కారణమని ఒక క్షణం సంతోషించాను కూడా.

భుజం అతుక్కున్నాక మొదటి ఆదివారం బావగారు సంఘంలో సాక్ష్యం చెప్పారు. మా సంఘంలో ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి, దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు. ఈ విషయంలో నాకు పెద్ద పేరే ఉంది. ఒకసారి వరదలో నన్ను పాము దాటించిందని సాక్ష్యం చెబితే పాస్టరుగారే నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. బావగారు అలా కాదు, ఏడాదికొకసారైనా లేవని మనిషి. ఆ రోజు లేచి, ఎడం చేత్తో కుర్చీ పట్టుకుని, మూడే ముక్కలు చెప్పారు. వయసు మీద పడిందని ఒప్పుకోక పెద్ద యంత్రం ఎక్కాననీ, చెయ్యి తన మాట వినలేదనీ, గర్వానికి తగిన బుద్ధి చెప్పి కూడా దేవుడు ప్రాణం మిగిల్చాడనీ. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

ఆ నెలలోనే చెరువు లీజుకి వెళ్లింది. ట్రాక్టరుని చెయిన్లు వేసి లాగించి అమ్మేశారు. పంపుని వెనక షాఫ్టుకి మార్చి ఇంకో ఏడాది నడిపించవచ్చని ఆ రోజు కూడా నాకు తెలుసు. ఒండ్రు లేచేది, గట్టు లేచేది, పొద్దున్నే ఆయన మేత బస్తా దగ్గర నిలబడేవారు. అలా చెయ్యాలంటే పంపు ఎందుకు మార్చాలో చెప్పాలి. చెప్పలేదు.

తర్వాత మూడేళ్లు బతికారు. కూర్చున్నారు. నేను వారానికి రెండుసార్లు వెళ్లి కొత్త ఓడల కథలు చెప్పేవాణ్ణి. నవ్వేవారు, కాని ఎన్ని లేపారండీ అని అడగడం మానేశారు. పోయినేడు వేసవిలో, గుండె ఆగి, మంచం మీదే పోయారు. భుజానికీ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. నేను ఆ మాట మూడుసార్లు చెప్పించుకున్నాను.

మొన్న ఏడాది నిండితే వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. ఈసారి తప్పించుకోకూడదని మైకు దగ్గరికి నడుస్తూనే మొదలుపెట్టాను. "మా బావగారి విషయంలో నేనొక అబద్ధం ఆడాను" అన్నాను.

జనం నవ్వారు. ముందు వరసలో పెద్దాయన, "ఒకటేనా అండీ?" అన్నాడు. షామియానా అంతా నవ్వింది. ఎవరి తప్పూ లేదు. ఇన్నేళ్లుగా నేను వాళ్లకి నేర్పిన నవ్వే అది. "అది పంపు సంగతండీ" అన్నాను, ఇంకా నవ్వారు. ఆ నవ్వు చెవిన పడగానే నా నోరు దాని పని అది చేసుకుపోయింది. బావగారి ట్రాక్టరు బకెట్టు ఎగిరితే పాస్టరుగారు ఎలా వెనక్కి గెంతారో చెప్పాను. రెండడుగుల్ని పదడుగులు చేశాను. బాగా పండింది.

భోజనాలయ్యాక జనం వెళ్లారు. మా చెల్లెలు పెరట్లో కుళాయి దగ్గర గ్లాసులు తోముతోంది. పక్కన పీట వేసుకుని కూర్చుని, పంపు సంగతి చెప్పాను. షాపాయన మొదటిరోజు చెప్పింది, రెండోసారి చెప్పింది, పదకొండు రోజులు, ఆసుపత్రి. ఆవిడ తోముతూనే విన్నది.

"పంపుల సంగతి నాకేం తెలుస్తుంది అన్నయ్యా" అంది. "ఆ చెయ్యి సంగతి తెలుసు."

"ఏ చెయ్యి?"

"ఆయన కుడి చెయ్యి. ఎముక బాగానే అతుక్కుందని డాక్టరు అన్నాడు కదా. అయినా ఆయన దాన్ని నమ్మలేదు. టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకునేవారు. మనవణ్ణి ఎత్తుకోమని ఇస్తే, మంచం మీద కూర్చోబెట్టి ఇవ్వవే, ఇది మాట వినదు, వదిలేస్తుంది అనేవారు. మోటారు సైకిలు అమ్మేశారు. నీకు కళ్ల నొప్పులని చెప్పారు గాని, కళ్లు కాదు. ఒక్కోసారి నేను లేననుకుని, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకునేవారు, ఇంట్లోకి వచ్చిన వేరేవాళ్ల వస్తువులాగ."

వారానికి రెండుసార్లు వెళ్లినవాణ్ణి. ఎడం చేత్తో టీ తాగడం నేను చూడలేదు. మాట్లాడుతూ ఉండేవాణ్ణి కదా.

"చెయ్యి బాగానే ఉందమ్మా" అన్నాను. "మొదటి నుంచీ బాగానే ఉంది. ఆ పంపుతో ఎవరి చెయ్యైనా అంతే అయ్యేది."

ఆవిడ కుళాయి కట్టేసింది. తర్వాత అంది, "పక్కింటివాళ్లకైతే తద్దినం ఉంటుంది, పిండం పెట్టి ఏదో ఒకటి చెప్పుకుంటారు. మనకి ఆ దారి కూడా లేదు. సమాధి దగ్గరికెళ్లి పువ్వులు పెడతాం, వచ్చేస్తాం. ఆయనతో మాట్లాడకూడదు."

నేను తల వంచుకుని కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతులు కొంగుకి తుడుచుకుని, ఇంకో పీట లాక్కుని, నా ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ చెప్పు అన్నయ్యా. మొదటి నుంచి. ఏమీ కలపకుండా చెప్పు."

చెప్పాను. ఓడలు లేవు, కోడెదూడ లేదు, పాస్టరుగారు లేరు. చిన్న పంపు చాలని షాపాయన అన్నాడు, నేను పెద్దది కొన్నాను. అది తప్పని తెలిసింది, చెప్పలేదు. బావగారు తన చెయ్యి తప్పిందనుకున్నారు, అవునన్నాను. కలపకుండా చెబితే చాలా కొంచెమే ఉంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అంది మా చెల్లెలు.

"ఇంతే."